కోట గోడ, బడి గోడ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984 పదో తరగతి బ్యాచ్ వాడిని. చదివింది సివిల్ ఇంజనీరింగు, బతికింది సిమెంటు మీద. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మన ప్రాంతపు కోటల గురించి ఇంజనీరుగా ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. కోటల గురించే చెప్తాను. కానీ దారిలో ఒక గోడ దగ్గర ఆగాలి. ఆ గోడ మీ ఎడమ పక్కనే ఉంది. ఈ హాలు పడమటి గోడ. దానితో నాకు పాత లెక్క ఒకటి ఉంది. అది ఈరోజు మీ అందరి ముందూ తేల్చుకోవాలి.

ముందు విజయనగరం కోట సంగతి. మనలో కోట చూడనివాళ్లు ఉండరు. పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్లిన ప్రతివాడూ దాని ముందు నిలబడ్డవాడే. 1713లో కట్టారు. దానికి ఐదు విజయాలు కలిసొచ్చాయని చెప్తారు: రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం, విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమని పిలుచుకునే మంగళవారం. చతురస్రపు కోట. ఒక్కో పక్క 240 మీటర్లు. గోడ ఎత్తు పది మీటర్లు. గోడ పైభాగం వెడల్పు చోటును బట్టి 8 నుంచి 16 మీటర్లు. నాలుగు మూలలా బురుజులు.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేశాను. నాలుగు పక్కలూ కలిపితే 960 మీటర్లు. పది మీటర్ల ఎత్తుతో గుణిస్తే బయటి ముఖం ఒక్కటే 9,600 చదరపు మీటర్లు. మేస్త్రిల భాషలో లక్ష చదరపుటడుగుల పైమాట. ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు కలిసి రోజుకి ఇరవై చదరపుటడుగుల రాతి ముఖం కడతారనుకుందాం. బయటి ముఖానికే ఐదు వేల జట్టు-రోజులు. లోపలి ముఖం, మధ్యలో నింపుడు, పునాది, కందకం, బురుజులు ఈ లెక్కలో లేవు. రాయి తవ్వినవాళ్లు, మోసినవాళ్లు, ఉలులకు పదును పెట్టిన కమ్మరులు, తాళ్లు పేనినవాళ్లు, బళ్లు తోలినవాళ్లు కూడా లేరు.

ఐదు విజయాలు మనకి నోటికొచ్చు. ఆ ఐదు వేల రోజులు పని చేసినవాళ్లలో ఒక్కడి పేరు కూడా మనకి తెలీదు. ఎవరైనా అడిగితే "కోట రాజుగారు కట్టించారు" అంటాం. కట్టించడం వేరు, కట్టడం వేరు. తెలుగులో ఆ తేడా ఉంది. మనమే దాన్ని పట్టించుకోం.

అలాగే ఇంకో కోట, బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం బుర్రకథల్లో విన్నాం, సినిమాలో చూశాం. తాండ్ర పాపారాయుడు మనకి తెలుసు, బుస్సీ తెలుసు. కానీ ఫ్రెంచి ఫిరంగులకు ఎదురు నిలిచింది రాతి గోడ కాదనీ, మట్టి గోడ అనీ ఎంతమందికి తెలుసు? ఆ కాలపు చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ ఈ మట్టి కోటల గురించి ప్రత్యేకంగా చెప్పాడు. బాగా తొక్కి కలిపిన మట్టిని ఒక వరుస వేసి, ఎండనిచ్చి, దానిమీద ఇంకో వరుస వేసేవారు. మన పల్లెల్లో తాతల కాలంనాటి మట్టి ఇళ్లు కట్టిన పద్ధతీ అదే. ఒక వరుస ఎండకుండా రెండోది వేస్తే గోడ కింద కూర్చుంటుంది. ఆ ఓపికే దాని బలం. ఇప్పుడక్కడ స్మారక స్తంభం ఉంది. ఆ కోట లేదు, అలా మట్టి తొక్కడం తెలిసిన పాదాలూ లేవు.

ఇలాంటి కోట ఈ రోజుల్లో మళ్లీ ఎవరైనా కట్టగలరా? కట్టారు. ఇప్పటికీ కడుతున్నారు.

ఫ్రాన్స్‌లో బుర్గుండీ ప్రాంతంలో, త్రెన్యీ అనే ఊరి దగ్గర అడవిలో, గెడెలోన్ అనే చోట 1997లో ఒక కోట పని మొదలుపెట్టారు. పదమూడో శతాబ్దపు నమూనా. పనిముట్లూ ఆ కాలంనాటివే. క్రేను లేదు, కరెంటు రంపం లేదు, సిమెంటు లేదు. పాతబడ్డ రాతి క్వారీలోనే కోట లేస్తోంది. అక్కడే రాయి, అక్కడే మట్టి, చుట్టూ చెట్లు. ఉద్యోగం పని మీద ఆ దేశం వెళ్లినప్పుడు ఒక ఆదివారం చూసొచ్చాను. ఉడత చక్రంలా ఒక పెద్ద చెక్క చక్రం ఉంటుంది. దానిలో మనిషి నడుస్తుంటే తాడు చుట్టుకుని, బండరాయి గోడ మీదికి లేస్తుంది. నెత్తిన మాత్రం హెల్మెట్టు, కాళ్లకి బూట్లు. పాతకాలపు పని అని చెప్పి పాతకాలపు చావులు చావనక్కర్లేదు కదా!

అక్కడ నన్ను ఆపేసినది కోట కాదు, ఒక తాడు. పన్నెండు సమాన భాగాలు వచ్చేలా పదమూడు ముడులు వేసిన తాడు. దాన్ని మూడు, నాలుగు, ఐదు భాగాలుగా లాగి పట్టుకుంటే త్రిభుజం. ఒక మూల నిక్కచ్చిగా లంబకోణం. అక్కడి మేస్త్రి దాన్ని నేల మీద పరిచి చూపిస్తుంటే, చుట్టూ ఉన్న పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నా కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్తాను.

మా నాన్న తాపీ మేస్త్రి. ఈ ఊళ్లో పునాది ముగ్గు పొయ్యాలంటే ఆయన్ని పిలిచేవారు. ఒక మూల మేకు పాతి, ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు కొలిచి, ఏటవాలుగా ఐదడుగులు వచ్చేదాకా దారం జరిపేవాడు. తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాస్టారు ఇదే హాల్లో, అదిగో ఆ నల్లబల్ల మీద, పైథాగరస్ సిద్ధాంతం చెప్పారు. నేను ఇంటికి పరుగెత్తి, "నాన్నా, నువ్వు వేసే మూలమట్టం లెక్క మా పుస్తకంలో ఉంది. పైథాగరస్ అనే ఆయన కనిపెట్టాడట" అన్నాను. మా నాన్న చుట్ట పక్కనపెట్టి, "అలాగా? ఏ ఊరి మేస్త్రి బాబూ?" అన్నాడు.

మీరు నవ్వారు. ఆరోజు నేనూ నవ్వాను. కానీ అంతకు రెండేళ్ల ముందు ఒక సంగతి జరిగింది. ఏడో తరగతిలో రిజిస్టరు రాస్తూ క్లాసు మాస్టారు ఒక్కొక్కరినీ తండ్రి వృత్తి అడుగుతున్నారు. ఉద్యోగం, వ్యవసాయం, వ్యాపారం అని చెప్తున్నారు అందరూ. నా వంతు వచ్చేసరికి "కాంట్రాక్టరు" అన్నాను. అప్పుడు నేను కూర్చున్నది ఈ హాల్లోనే. మా నాన్న పదిహేనేళ్ల కుర్రాడిగా గమేళాలతో సున్నం మోసి కట్టిన ఈ హాల్లోనే.

ఈ హాలు 1950ల్లో కట్టింది. అప్పట్లో సిమెంటు దొరకడం కష్టం. ఇటుకా సున్నంతోనే కట్టారు. సున్నం పని ఎలా ఉంటుందో ఇక్కడున్న పిల్లలకు రెండు ముక్కల్లో చెప్తాను. సున్నపురాయినో, సముద్రం ఒడ్డున దొరికే గుల్లలనో బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దానిలోంచి బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. మిగిలిన దాన్ని నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి, ఉడికి, వెన్నలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్దకి ఇసుక గానీ, ఇటుక పొడి గానీ కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పిస్తారు. కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. గోడకెక్కాక ఆ సున్నం గాలిలోంచి అదే బొగ్గుపులుసు వాయువుని మెల్లగా తిరిగి పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి పీల్చుకుంటూ మళ్లీ రాయి అవుతుంది. రాయిగా మొదలై రాయిగానే ముగుస్తుంది. ఈ గానుగ తోలిన కుర్రాళ్లలో మా నాన్న ఒకడు.

సిమెంటు సంగతి వేరు. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు 1824లో ఇంగ్లండులో వచ్చింది. మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. నిమ్మళంగా ఏళ్లు పట్టే పనిని సిమెంటు రోజుల్లో చేస్తుంది. నా అన్నం అదే పెట్టింది, దాన్ని తిట్టను. వంతెనలు, ఆనకట్టలు, పదంతస్తుల ఇళ్లు సున్నంతో కట్టమని ఎవరైనా అంటే నేనే వద్దంటాను. కానీ దేని చోటు దానిది.

ఇప్పుడు నా లెక్క దగ్గరికొచ్చాను. మన సంఘం రజతోత్సవం 2000లో జరిగింది. గుర్తుంది కదా? ఆ సందర్భంగా హాలుకి మరమ్మతులు చేయించాలని తీర్మానించారు. చందాలు వసూలు చేశారు. పర్యవేక్షణ నాకప్పగించారు. ముప్పై రెండేళ్లవాడిని, చేతిలో డిగ్రీ, మెడలో ఐడీ కార్డు. పడమటి గోడ అడుగున కాస్త పెచ్చులూడుతోంది. పాత సున్నం పూత మొత్తం గీకించి, చక్కగా సిమెంటు పూత పూయించి, దాని మీద మెరిసే రంగు వేయించాను. ప్రారంభోత్సవం రోజున నాకు శాలువా కప్పారు.

మా నాన్నని తీసుకొచ్చి చూపించాను. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, వేళ్లతో రెండు దెబ్బలు కొట్టి, "ఏటి బాబూ, సున్నపు గోడకి సిమెంటు పూసీసినావా? మరి లోపలి నీరు ఎటెల్తాది?" అన్నాడు.

"ఇప్పుడు అందరూ ఇదే చేస్తున్నారు నాన్నా."

"అందరూ సేస్తే గోడ ఒప్పుకుంటాదేటి?"

నేను నవ్వి ఊరుకున్నాను. చదువుకోని మనిషి, ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. కానీ ఆయన నా ముఖం చూశాడు. మళ్లీ ఆ గోడ ఊసెత్తలేదు.

ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు నేను తర్వాత పుస్తకాల్లో చదివాను. పాత గోడలకి ఇప్పట్లా తేమని ఆపే పొర పునాదిలో ఉండదు. నేల తడి ఇటుకల్లోకి పాకుతుంది. సున్నం పూతకి సన్నని రంధ్రాలుంటాయి. ఎక్కిన తడి అక్కడినుంచి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి లోపలే ఉండిపోయి ఇంకా పైకెక్కుతుంది. దానితోపాటు ఎక్కిన ఉప్పు పూత వెనక పేరుకుని, స్ఫటికాలై, ఇటుక ముఖాన్ని లోపలినుంచి తోస్తుంది. కొన్నేళ్లకి పూత ఊడుతుంది. ఊడేటప్పుడు ఒక్కతీ పోదు, ఇటుక పెచ్చుల్ని కూడా పట్టుకుపోతుంది.

అదే జరిగింది. ఆరేడేళ్లకే గోడ ఉబ్బడం మొదలైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పెంకులు లేచిపోయి, వర్షం నీరు గోడ లోపలికి పైనుంచి కూడా దిగింది. ఆ తర్వాత పెద్ద పెద్ద పలకలుగా రాలింది. తుపాను వల్ల పాడైందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. మిత్రులారా, తుపాను పెంకులు ఎత్తుకుపోయింది, అంతే. ఆ గోడని పాడు చేసింది నేను. ఈ ముక్క చెప్పడానికి నాకు ఇరవై అయిదేళ్లు పట్టింది. మా నాన్న బతికుండగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఈ స్వర్ణోత్సవానికి మన కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంది. హాలు శిథిలమైంది కాబట్టి కూల్చేసి, అదే చోట కొత్త భవనం కట్టాలని. తప్పుపట్టను. పిల్లల తలమీద పెచ్చులు పడితే ఎవరు జవాబు చెప్తారు? కోశాధికారిగారు నన్ను సూటిగా అడిగారు కూడా: "బాగుచెయ్యొచ్చని మీరెలా చెప్పగలరు?"

అందుకే నోటితో చెప్పకుండా ఒక పని చేశాను. హెడ్మాస్టరుగారి అనుమతితో పోయినేడాది ఏప్రిల్‌లో ఆ గోడ ఉత్తరపు చివర ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు మేర నా సిమెంటు పూత నేనే దగ్గరుండి తీయించాను. సున్నం పని తెలిసినవాళ్ల కోసం మూడు నెలలు తిరిగాను. మా నాన్నతో పనిచేసిన ఒక పెద్దాయన దొరికాడు, డెబ్బై ఎనిమిదేళ్లు. "గానుగేది, ఎడ్లేవి?" అని ముందు నవ్వాడు. గానుగ లేదు కాబట్టి రోట్లో దంపించాం. సున్నం మూడు వారాలు నీళ్లలో నాననిచ్చాం. కరక్కాయ నీళ్లు ఆయనే కలిపాడు. ఎంత కలపాలో అడిగితే వేళ్ల మధ్య రాసి చూపించాడు, అంకె చెప్పలేదు. నేను పక్కన కూర్చుని కొలిచి రాసుకున్నాను. పాడైన ఇటుకలు మార్చి, మూడు పూతలు పూశాం. ఎండకి బీటలివ్వకుండా గోనెపట్టాలు కట్టి రోజూ తడిపాం. ఇద్దరు కుర్రాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు.

మీరంతా ఇంజనీర్లు కానక్కర్లేదు. ఒక వానాకాలం గడిచింది. భోజనాలయ్యాక వెళ్లి ఆ భాగం మీద వేలితో కొట్టి చూడండి, గట్టిగా పలుకుతుంది. పక్కనే నా పాత సిమెంటు పూత మీద కొట్టండి, డొల్లగా పలుకుతుంది. తేడా మీ వేలే చెప్తుంది.

అందుకని నా విన్నపం ఇది. కూల్చివేత తీర్మానం ఒక్క ఏడాది ఆపండి. ఈలోగా స్వతంత్రంగా ఇంకో ఇంజనీరుతో గోడలు, దూలాలు పరీక్ష చేయిద్దాం. నా మాట మీద వెళ్లొద్దు, నా మాట మీద ఒకసారి వెళ్లి చూశారుగా. దక్షిణం వైపు రెండు దూలాలకి చెదలు పట్టింది, అవి మార్చక తప్పదు. గోడలు ఒరిగాయని తేలితే కూల్చివేత కాగితం మీద మొదటి సంతకం నాదే. నిలబడతాయని తేలితే మాత్రం సున్నంతోనే బాగుచేద్దాం. కట్టుబడి సున్నానికి ఐఎస్ 712 అని మన దేశపు ప్రమాణం ఉంది, ఇది నాటువైద్యం కాదు. పడమటి గోడ ఖర్చు మొత్తం నాది. అది దానం కాదు, బాకీ.

రెండో విన్నపం. ఆ పని జరుగుతున్నన్నాళ్లూ తొమ్మిదో తరగతి పిల్లల్ని వారానికో గంట అక్కడికి పంపండి. హాలు వెనక వాళ్లచేత ఒక చిన్న గోడ కట్టిద్దాం. మూడు, నాలుగు, ఐదు దారంతో వాళ్లే ముగ్గు పొయ్యాలి. తూకం గుండు వాళ్లే వెయ్యాలి. వంకరొస్తే వాళ్లే విప్పి కట్టాలి. నెత్తిన హెల్మెట్టు మాత్రం తప్పనిసరి.

ఇదంతా పాతకాలం మీద మోజు అనుకోకండి. పాత కోటల కింద వెట్టిచాకిరీ ఎంత ఉందో, ఎన్ని నడుములు విరిగాయో మనకి తెలుసు. ఆ రోజులు తిరిగి రాకూడదు. ఆ చేతుల్లో ఉన్న విద్య మాత్రం పోకూడదు. పారిస్‌లో నోత్రదామ్ చర్చి కప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయింది. దాన్ని మళ్లీ పాత పద్ధతిలో కొయ్యతో కట్టాలంటే గొడ్డలితో దూలం చెక్కగలవాళ్లు కావాలి. అలా చెక్కినవాళ్లలో గెడెలోన్ అడవిలో పని నేర్చినవాళ్లూ ఉన్నారు. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరిచారు. ఆ అడవిలో కోటతో పాటు పనివాళ్లు తయారయ్యారు. మన తెలుగునేల మీదే యాదాద్రి గుడిని కృష్ణశిలతో, సిమెంటుకి బదులు సున్నపు మిశ్రమంతో పునర్నిర్మించి 2022 మార్చి 28న తెరిచారు. పని ఇస్తే చేతులు నేర్చుకుంటాయి. ఇవ్వకపోతే మా పెద్దాయనతోనే ఆ వేళ్ల లెక్క పోతుంది.

చివరగా ఒక మాట, మా ఏడో తరగతి క్లాసు మాస్టారికి. ఆయన ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, ఆ రిజిస్టరు ఎక్కడో బీరువాలో ఉంటుంది. దానిలో ఒక తప్పు ఉంది, చెప్పింది నేనే. వీలైతే దిద్దండి. తండ్రి వృత్తి: తాపీ మేస్త్రి.

భోజనాలయ్యాక పడమటి గోడ దగ్గర ఉంటాను. మా పెద్దాయన కూడా వస్తానన్నాడు. రండి, కొట్టి చూడండి. సెలవు.